ఫిర్పో మార్బెరీ

ఫ్రెడ్ "ఫిర్పో" మార్బెరీ (నవంబరు 30, 1898 - జూన్ 30, 1976) అమెరికాకు చెందిన బేస్‌బాల్ క్రీడాకారుడు. ఆట మధ్యలో వచ్చి బంతి విసిరే రిలీఫ్ పిచర్‌గా మేజర్ లీగ్‌లో పేరు తెచ్చుకున్న తొలితరం వారిలో ముఖ్యుడు.

జీవితం

మార్బెరీ టెక్సాస్ రాష్ట్రంలోని స్ట్రీట్‌మన్‌లో జన్మించాడు. భారీ శరీరం వలన అర్జెంటీనా ముష్టియోధుడు లూయిస్ ఫిర్పో పేరు ఇతనికి వచ్చింది. ఆ పేరు ఇతనికి నచ్చేది కాదు, కానీ అదే నిలిచిపోయింది. 1923లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టులో చేరాడు.

ఆ కాలంలో మొదలుపెట్టిన పిచరే ఆటను ముగించాలని భావించేవారు. బేస్‌బాల్‌లో ఒకసారి తప్పుకున్న ఆటగాడు, క్రికెట్ బౌలరుకు భిన్నంగా, అదే ఆటలో తిరిగి బంతి అందుకోలేడు. కనుక పిచర్‌ను మార్చటం పెద్ద నిర్ణయమే. 1924లో మేనేజర్ బకీ హారిస్ ఈ అలవాటును పక్కనపెట్టి, చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడటానికి మార్బెరీని పదేపదే దించాడు. ఆ ఏడాది సెనేటర్స్ జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. వాషింగ్టన్‌లో ఉన్నంతకాలం ఆ జట్టు గెలిచిన ఏకైక సిరీస్ అదే.

తరువాత డెట్రాయిట్ టైగర్స్ తరఫున 1934లో 15 గెలుపులు సాధించాడు. 1935లో కొంతకాలం అంపైరుగా ఉన్నాడు. 1949లో కారు ప్రమాదంలో ఎడమ చేతిని కోల్పోయాడు.

గణాంకాలు

1924లో మార్బెరీ లెక్క 11 గెలుపులు, 12 ఓటములు. ఈ అంకెలు మాత్రమే చూస్తే సాధారణ పిచర్ అనిపిస్తుంది. గెలుపు వేరొకరి ఖాతాలో పడుతుండగా, దానిని కాపాడిన వానికి లెక్క ఉండేది కాదు. ఆ లోటు తీర్చే "సేవ్" అనే కొలమానం అధికారికమైనది 1969లో, అప్పటికి ఇతని వయసు 70 ఏళ్ళు. పాత ఆటల లెక్కలు తిరగేసి చూడగా 1924లో 15, 1926లో 22 సేవ్‌లు తేలాయి. ఈ 22ను తొలిసారిగా 1949లో జో పేజ్ (27) దాటాడు.

అయితే ఈ అంకెలను నేటివాటితో నేరుగా పోల్చరాదు. పాత ఆటలకు సేవ్ లెక్కించినపుడు ఆధిక్యం ఎంతన్నది చూడలేదు; గెలిచిన ఆటను ముగించి, గెలుపు తన పేర పడకపోతే చాలు. 1975 నుండి ఒక ఇన్నింగ్స్ మాత్రమే వేసే పిచర్‌కు ఆధిక్యం మూడు పరుగులకు మించకూడదు. మరోవైపు, మార్బెరీ తరచుగా రెండు మూడు ఇన్నింగ్స్ వేసేవాడు, మధ్యలో ఆటలు మొదలుపెట్టేవాడు కూడా. అతని శ్రమను 22 అనే అంకె కూడా పూర్తిగా చెప్పదు.

మొత్తం మీద మార్బెరీ 551 ఆటలలో 148 గెలుపులు, 88 ఓటములు నమోదు చేశాడు. టెక్సాస్‌లోని మెహియాలో మరణించాడు.