జాకబ్ రీస్: అర్ధరాత్రి పోలీసులు గెంటేసిన కుర్రాడే.. న్యూయార్క్ చీకటి గదుల్ని లోకానికి చూపించాడు!

జేబులోంచి ఫోన్ తీసి క్షణాల్లో వీడియో తీసేస్తున్న రోజులివి. కానీ 1880ల్లో చీకటి గదిలో ఒక్క ఫోటో తీయాలంటే ఇల్లు అంటుకున్నా అంటుకునేది! అయినా సరే, కెమెరా పట్టుకుని న్యూయార్క్ మురికివాడల్లో రాత్రిళ్లు తిరిగిన రిపోర్టర్ ఒకరున్నారు. ఆయనే జాకబ్ రీస్. నగర పేదరికాన్ని ఫోటోల్లో చూపించిన తొలితరం వాళ్లలో ముందు వినిపించే పేరు ఇదే.

జేబులో డబ్బుల్లేవు.. తోడు ఒక్క కుక్క

రీస్ 1849లో డెన్మార్క్‌లోని రీబే అనే చిన్న ఊళ్లో పుట్టారు. వడ్రంగం నేర్చుకున్నారు. 21 ఏళ్ల వయసులో, 1870లో అమెరికాకు వలస వెళ్లారు. పని దొరికితే తిండి, లేకపోతే పస్తు. వీధుల్లోనే పడుకునేవారు.

ఒక వాన రాత్రి తలదాచుకోవడానికి చర్చ్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. అప్పట్లో ఇల్లు లేనివాళ్లు పడుకోవడానికి స్టేషన్లలో గదులుండేవి. తెల్లారకముందే ఆయన మెడలోని బంగారు లాకెట్ పోయింది. ఫిర్యాదు చేస్తే ఎవరూ నమ్మలేదు సరికదా, బయటికి గెంటేశారు. రాత్రంతా బయటే కాచుకున్న ఆయన కుక్క అడ్డం వెళ్తే, దాన్ని మెట్లకేసి కొట్టి చంపేశారు. ఆ రాత్రిని రీస్ జీవితాంతం మర్చిపోలేదు.

పెనం మీద మెరుపు

1877లో రీస్ పోలీస్ రిపోర్టర్ అయ్యారు. మల్బరీ స్ట్రీట్‌లోని పోలీస్ హెడ్‌క్వార్టర్స్ ఎదురుగానే ఆఫీసు. పక్కనే నగరంలోకెల్లా ఘోరమైన ఇరుకు వాడలు. ఎన్ని వార్తలు రాసినా జనంలో కదలిక లేదు. చూపిస్తే తప్ప నమ్మరని ఆయనకు అర్థమైంది. కానీ కిటికీ కూడా లేని గదుల్లో ఫోటో ఎలా?

1887లో పేపర్లో ఒక చిన్న వార్త కంటపడింది. మెగ్నీషియం పొడి మండించి, ఆ మెరుపులో ఫోటో తీసే పద్ధతిని జర్మనీలో కనిపెట్టారని అందులో ఉంది. అంతే.. మొదట ఫోటోలు తీసే మిత్రుల్ని వెంట తీసుకెళ్లారు. వాళ్లు ఈ అర్ధరాత్రి తిరుగుళ్లు మా వల్ల కాదనడంతో 1888లో తానే కెమెరా కొన్నారు. పెనం మీద పొడి పోసి వెలిగించేవారు. ఒకసారి చూపులేని ఐదుగురున్న గదిలో గోడకు వేలాడే గుడ్డలు అంటుకున్నాయి. ఏం జరుగుతోందో వాళ్లకు తెలియదు. రీస్ ఒక్కరే ఆ మంటల్ని ఆర్పేశారు.

5 సెంట్లకు పడుకునే చోటు

బేయార్డ్ స్ట్రీట్‌లో తీసిన ఫోటో చాలామందికి గుర్తుండిపోతుంది. పొడవు, వెడల్పు 13 అడుగులు కూడా లేని గది. అందులో 12 మంది! ఒక్కొక్కరు రాత్రికి 5 సెంట్లు ఇచ్చి పడుకుంటారు. మెరుపుకు ఉలిక్కిపడి లేచిన ముఖాలు ఆ ఫోటోలో కనిపిస్తాయి.

ఈ ఫోటోల్ని తెర మీద చూపిస్తూ రీస్ ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. 1890లో 'హౌ ద అదర్ హాఫ్ లివ్స్' పుస్తకం వచ్చింది. మిగతా సగం మంది ఎలా బతుకుతున్నారని దాని అర్థం. అది చదివిన థియోడర్ రూజ్‌వెల్ట్ సాయం చేస్తానంటూ రీస్‌ను వెతుక్కుంటూ వచ్చారు.

25 ఏళ్ల తర్వాత.. అదే స్టేషన్

1895లో రూజ్‌వెల్ట్ న్యూయార్క్ పోలీస్ బోర్డు అధ్యక్షుడయ్యారు. ఇద్దరూ కలిసి రాత్రిళ్లు నగరమంతా తిరిగేవారు. అలా ఒక రాత్రి రీస్ ఆయన్ను చర్చ్ స్ట్రీట్ స్టేషన్‌కే తీసుకెళ్లి, తన కుక్క కథ చెప్పారు. 1896లో పోలీస్ స్టేషన్లలోని ఆ గదులు మూతపడ్డాయి.

మల్బరీ బెండ్ ఇరుకు ఇళ్లను కూల్చేశారు. 1897లో అక్కడ పార్క్ తెరిచారు. అదే ఇప్పటి కొలంబస్ పార్క్. 1901 చట్టంతో కొత్తగా కట్టే అద్దె భవనాల్లో ప్రతి గదికీ కిటికీ, ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి తప్పనిసరి అయ్యాయి. ఈ మార్పుల వెనక ఇంకా చాలామంది కృషి ఉంది. కానీ జనం కళ్లు తెరిపించడంలో ఈ ఫోటోల పాత్ర పెద్దది.

మరి వాళ్లను ఎవరడిగారు?

రీస్‌పై విమర్శలూ ఉన్నాయి. చైనీయులు, యూదులు, ఇటాలియన్ల గురించి ఆయన రాతల్లో అప్పటి చిన్నచూపు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకో మాట.. నిద్రపోతున్నవాళ్ల మీద మెరుపు వేసే ముందు ఆయన చాలాసార్లు అడగలేదు. దిక్కులేని రాత్రి అవమానం అంటే ఏంటో అనుభవించిన మనిషే, అదే స్థితిలో ఉన్నవాళ్ల అనుమతి తీసుకోలేదు. ఆ ఫోటోలు లేకపోతే ఆ గదులు ఇంకెన్నాళ్లు అలాగే ఉండేవో! రెండూ నిజాలే.

1914లో 65 ఏళ్ల వయసులో రీస్ కన్నుమూశారు. ఆ తర్వాత ఫోటోల్ని దాదాపు మర్చిపోయారు. 1946లో ఆయన పాత ఇంటి అటక మీద గాజు నెగెటివ్‌లు దొరికాయి. మరుసటి ఏడాదే న్యూయార్క్ సిటీ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. ఈరోజు ఆ ఫోటోలు ప్రపంచమంతా చూస్తోంది. వాటిలో ఉన్న చాలామంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

రోడ్డు పక్కన పడుకున్న మనిషి వైపు మనం ఫోన్ తిప్పినప్పుడు కూడా ఇదే ప్రశ్న. ఆ వీడియో ఆయనకు పనికొస్తుందా, మనకా?