త్యాగరాజస్వామికి గుడి కట్టిన నాగరత్నమ్మ

పుష్య బహుళ పంచమి 1847లో త్యాగరాజస్వామి సిద్ధి పొందిన తిథి. ఏటా ఆ రోజున తిరువైయారులో కావేరి ఒడ్డున ఆరాధన జరుగుతుంది, అందరూ కలిసి పంచరత్నాలు పాడతారు. ఆ ఐదింటిలో నాలుగు తెలుగే. తమిళనాట తరతరాలుగా ఉంటున్న మనకు ఇంతకన్నా సొంతమైన రోజు ఇంకొకటి లేదని నా అభిప్రాయం. అయితే స్వామి కథ అందరికీ తెలుసు. ఆ రోజుకు ఒక చోటు ఏర్పరచిన బెంగుళూరు నాగరత్నమ్మ గారి కథ మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

ఆమె 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టింది. తల్లి పేరు పుట్టలక్ష్మి. ఇంటి భాష కన్నడం. సంగీతంతోపాటు సంస్కృతం, తెలుగు పట్టుగా నేర్చుకుంది. మద్రాసు చేరి కచేరీలతో పేరూ డబ్బూ సంపాదించింది.

తెలుగు ఎంత నేర్చిందంటే, తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అచ్చులో కొన్ని పద్యాలు తీసేశారని గుర్తుపట్టి, పూర్తి ప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల వారిచేత వేయించింది. శృంగార కావ్యం, పిల్లల ముందు చదివేది కాదు, నిజమే. వీరేశలింగం పంతులుగారంతటివారే ముద్దుపళనిని తప్పుపట్టారు. మగవాళ్లు రాస్తే ఒప్పైనది ఆడది రాస్తే తప్పెలా అయిందని నాగరత్నమ్మ నిలదీసింది. తెల్లదొరల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చాకగాని ఆ నిషేధం పోలేదు.

తిరువైయారులో స్వామి సమాధి పాడుబడి ఉందన్న సంగతి గురువు బిడారం కృష్ణప్ప గారి ద్వారా ఆమెకు తెలిసింది. వెళ్లి చూసి, ఆ స్థలం సంపాదించి, 1921లో గుడికి పునాది వేయించింది. 1926 జనవరిలో కుంభాభిషేకం జరిగింది. అంతా తన సంపాదనే.

అప్పటికే ఆరాధన చేసేవాళ్లు పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: ఆడవాళ్లు స్వామి సన్నిధిలో పాడకూడదు. గుడి కట్టించిన మనిషికే అందులో పాడే హక్కు లేదన్నమాట! ఇది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆమె తగువుకు దిగి ఊరుకోలేదు. ఆడవాళ్లను కూడగట్టి, సమాధి వెనకవైపున వేరుగా ఆరాధన మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి అలాగే నడిపింది. 1940 ప్రాంతంలో మూడు వర్గాలూ ఒకటయ్యాయి. ఈనాడు మనం చూసే గోష్ఠిగానం, ఆడా మగా కలిసి కూర్చుని పాడటం, ఆ రాజీ తరవాత వచ్చినవే.

మన సత్రపట్టి, రాజపాళయం వైపు ఇళ్లలో ఆడపిల్లలు ఈ కీర్తనలు తమిళ అక్షరాల్లో రాసుకుని నేర్చుకుంటున్నారు. ఆ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం; రాగం నిలుస్తుంది, మాట జారిపోతుంది. కన్నడ ఇంట పుట్టిన ఆమె తెలుగు అక్షరం పట్టుకున్నప్పుడు, తెలుగు మాట్లాడే ఇళ్లలో అది ఎందుకు కుదరదని మన అమ్మలను, అక్కలను అడుగుతున్నాను.

చివరి రోజుల్లో నాగరత్నమ్మ తిరువైయారులోనే ఉండిపోయింది. 1949లో వీలునామా రాసి ఆస్తి అంతా సమాధికి ఇచ్చింది. ఆడవాళ్లు, దేవదాసీలు కూడా అక్కడ పూజ చేసుకోవచ్చు, పాడుకోవచ్చు అని షరతు పెట్టింది. 1952 మే 19న కన్నుమూసింది.

మదురై, తిరుచ్చి, తంజావూరు మీదుగా వెళితే తిరువైయారు చేరవచ్చు. స్వామికి దండం పెట్టుకున్నాక వెనక్కి తిరిగి చూడండి. సమాధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న విగ్రహం ఆమెదే.