వణుకు జబ్బుకు పేరైన పార్కిన్సన్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాయమని కార్యదర్శిగారు కోరగా, నాయకులను, కవులను మిగతా మిత్రులకు వదిలి నేను జేమ్స్ పార్కిన్సన్‌ను ఎంచుకున్నాను. మన సభ్యులలో చేతులు వణికేవారు ఒకరిద్దరు కాదు. ఆయన పేరు మన మందుల చీటీల మీద ఉంది గాని, మనిషి ఎవరో చాలామందికి తెలియదు.

పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్ శివారు హాక్స్‌టన్‌లో పుట్టారు. వైద్యుడైన తండ్రి దగ్గరే పని నేర్చి, ఆ పేటలోనే ప్రాక్టీసు చేశారు. ఊరికే కూర్చునే మనిషి కాదు. సామాన్యుల ఓటు హక్కు కోసం మారుపేరుతో కరపత్రాలు రాశారు. 1794లో రాజు మూడవ జార్జిని చంపే కుట్ర పన్నారని తన సంఘంవారిని పట్టుకుంటే, ప్రివీ కౌన్సిల్ ఎదుట సాక్ష్యం చెప్పారు. శిలాజాల మీద మూడు సంపుటాలు కూడా రాశారు.

ఇక అసలు సంగతి. 1817లో, 62వ ఏట, అంటే మనం పెన్షన్ పుస్తకం పట్టుకుని తిరిగే వయసులో, ఆయన వణుకు జబ్బుపై ఒక చిన్న గ్రంథం ప్రచురించారు. అందులో ఉన్నది ఆరుగురి వివరాలే. వారిలో ఇద్దరు వీధిలో తారసపడినవారు. ఒకరినైతే దూరం నుంచి చూశారంతే. ఊరికే ఉంచిన చెయ్యి వణకడం, నడుము ముందుకు వంగడం, నడుస్తూ నడుస్తూ తమకు తెలియకుండానే పరుగందుకోవడం, రాత చెడిపోవడం, ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలని గుర్తించారు. కండరాలు బిగుసుకుపోవడం మాత్రం ఆయన దృష్టికి రాలేదు. ఆ లోటు పూడ్చినవాడు పారిస్ వైద్యుడు షార్కో. జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టిందీ ఆయనే.

నేటికీ ఈ జబ్బును ప్రధానంగా డాక్టరు కళ్లతో చూసి, నడిపించి, రాయించి నిర్ణయిస్తారు. మా సెక్షన్ మిత్రుడొకరికి అక్షరాలు చీమల బారులా చిన్నవైపోయాయి. సంతకం కలవలేదని ఒక బ్యాంకువారు లైఫ్ సర్టిఫికెట్ తిప్పి పంపారు. ఇంట్లోవారు ముసలితనం అనుకున్నారు. న్యూరాలజిస్టుగారికి ఆ సంతకం మీదే అనుమానం వచ్చింది. అయితే గ్లాసు ఎత్తేటప్పుడు వణికే ప్రతి చెయ్యీ ఈ జబ్బు కాదు. కొన్ని వాంతుల మందులు, మానసిక వ్యాధుల మందులు కూడా ఇలాంటి లక్షణాలు తెస్తాయి. వాడే మందులన్నీ డాక్టరుగారికి చూపించండి.

మెదడులో డోపమైన్ తగ్గిపోవడమే మూలమని 1960లో తేలింది. ఆ దశాబ్దం చివరికి లెవోడోపా వాడుకలోకి వచ్చింది. అది జబ్బును మాన్పదు, కదలికను తిరిగి ఇస్తుంది. వేళ తప్పకూడదు, హఠాత్తుగా మానకూడదు. మన దూలగొండి గింజల నుంచి ఇదే పదార్థాన్ని దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు 1937లోనే వేరుచేశారు. అలాగని గింజలు కొని పొడి చేసుకుని మింగేరు! మోతాదు ఎవరికి తెలుసు?

పార్కిన్సన్ 1824 డిసెంబరు 21న కన్నుమూశారు. వ్యాసంతోపాటు ఫోటో ఇమ్మని సంపాదకులు అడిగారు. ఆయనదని నమ్మదగిన పటం ఒక్కటీ లేదు. ఆ పేరుతో తిరిగే ఫోటోలు వేరే పార్కిన్సన్‌లవి. ఫోటోలు తీయడం వాడుకలోకి రాకముందే ఆయన పోయారు.