యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగస్టు) భారతీయ వైద్యుడు, జీవరసాయన శాస్త్రవేత్త. అన్నవాహిక, జీర్ణాశయ కాన్సర్లకు శస్త్రచికిత్సతో పాటు నేడు ఇచ్చే మందులలో ఒకదానికి మూలం ఈయన బృందం సాధించిన ఫోలిక్ ఆమ్లమే.

బాల్యము, విద్య

ఈయన నేటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురయ్యాడు. వ్రాత పరీక్షలలో రాణించినా ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. అన్న పురుషోత్తం సంగ్రహణి వ్యాధితో మరణించాడు. చిన్నప్రేగు ఆహారసారాన్ని గ్రహించలేక రోగి రక్తహీనుడై క్షీణించే ఈ వ్యాధికి అప్పట్లో సరైన మందు లేదు.

పరిశోధనలు

అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని (1925) రూపొందించాడు. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను (1927), ఏ.టి.పి.ని (1929) కూడా వారిద్దరూ వెలికితీశారు. ఇంత చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఈయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సంగ్రహణి రోగుల రక్తహీనతకు అది మందయింది. అన్న చనిపోయిన వ్యాధికి తమ్ముడి ప్రయోగశాలలోనే మందు పుట్టిందన్నమాట.

కాన్సర్ చికిత్స

కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాన్నిస్తే వేగంగా పెరిగే కాన్సర్ కణాలు దెబ్బతింటాయి. ఈ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ సోకిన 16 మంది పిల్లలకిచ్చి, 10 మందిలో తాత్కాలికమైన మెరుగుదల చూశాడు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. రెండు నెలలకే సుబ్బారావు కన్నుమూశాడు.

అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను 1980, 90 దశకాలలో జీర్ణాశయ కాన్సర్‌కు మరి రెండు మందులతో కలిపి వాడేవారు. తరువాత మెరుగైనవి వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించాయి. ప్రస్తుతం శస్త్రచికిత్సకు ముందూ, తరువాతా ఇచ్చే ఫ్లాట్ అనే నాలుగు మందుల పద్ధతిలో ల్యూకోవోరిన్ ఒకటి. ఇది ఫోలిక్ ఆమ్లపు రూపాంతరమే. తోడుగా ఇచ్చే ఫ్లోరోయురాసిల్ శక్తిని పెంచుతుంది. పాత పద్ధతిలో 35 నెలలుండిన రోగుల మధ్యస్థ జీవితకాలం ఫ్లాట్‌తో 50 నెలలకు పెరిగిందని 2019లో ప్రచురితమైన జర్మనీ పరిశోధన తెలిపింది. కత్తి ఒక్కటే చేయలేని పని ఇది.

జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించిన వారికి బి12 విటమిన్ ఒంటబట్టదు గనుక దానిని జీవితాంతం, సాధారణంగా ఇంజెక్షన్లుగా, ఇవ్వాలి. వీరికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్లు కనిపించినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

సుబ్బారావు మళ్ళీ స్వదేశానికి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఈయన స్మారక స్టాంపును విడుదల చేసింది.