ఈజిప్టు అంధ విద్యావేత్త తాహా హుస్సేన్



బోగోలు హాస్టల్లో ఉన్న రోజుల్లో చూపులేని ఒక తమ్ముడికి మేము రాత్రిపూట పాఠాలు చదివి వినిపించేవాళ్ళం. ఇప్పుడతను డిగ్రీ పూర్తిచేసి విదేశంలో చదవాలనుకుంటున్నాడు. మొన్న బిట్రగుంట స్టేషన్లో కనబడి, అక్కడ ఒంటరిగా ఎలా నెగ్గుకురావాలో చెప్పమన్నాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. విదేశాల సంగతి మాకేం తెలుసు? అందుకే అతని కోసం వెతికి చదివిన ఒక మహనీయుని జీవితం ఇక్కడ రాస్తున్నాం.

తాహా హుస్సేన్ 1889 నవంబరులో ఈజిప్టులోని మఘాఘా దగ్గరి పల్లెలో జన్మించారు. పదముగ్గురు పిల్లల్లో ఏడవవారు. పసితనంలో కళ్ళకలక వస్తే ఊరి క్షురకుడు చేసిన నాటువైద్యంతో చూపు పోయింది. ఊరి బడిలో ఖురాన్ మొత్తం విని కంఠస్థం చేశారు. 1902లో కైరోలోని అల్ అజ్‌హర్‌లోనూ, తర్వాత 1908లో కొత్తగా తెరిచిన ఈజిప్టు విశ్వవిద్యాలయంలోనూ చేరారు.

తనను ఫ్రాన్సుకు పంపమని ఆ విశ్వవిద్యాలయానికి అర్జీ పెట్టుకున్నారు. సెకండరీ సర్టిఫికెట్ లేదని కాదన్నారు. మళ్ళీ పెడితే ముందు ఫ్రెంచి నేర్చుకోమన్నారు. సరేనని నేర్చుకున్నారు. 1914లో, వెయ్యేళ్ళ కిందటి అరబ్బు అంధకవి అల్ మఅర్రీపై పరిశోధన చేసి ఆ విశ్వవిద్యాలయం నుండి మొట్టమొదటి డాక్టరేట్ పొందారు. ఇక కాదనడానికి వాళ్ళకు కారణం దొరకలేదు! ప్రపంచయుద్ధం మొదలైనా ఆ ఏడాది నవంబరులోనే మాంట్‌పెలియర్ చేరారు.

మమ్మల్ని కదిలించింది వేరొక సంగతి. చిన్నప్పుడు ఒకసారి ఆయన రెండు చేతులతో ముద్ద తీసుకుంటే అన్నదమ్ములు నవ్వారు, తండ్రి బాధపడ్డారు. అప్పటినుండి నలుగురిలో తినడం మానేశారు. ఓడలోనూ, ఫ్రాన్సులోనూ గదికే భోజనం తెప్పించుకున్నారు. సర్టిఫికెట్లు, భాష ముందే సిద్ధం చేసుకోగలిగారు గాని ఈ బిడియం మాత్రం వెంటే వెళ్ళింది. మన మెస్‌లో ఆ తమ్ముడు చివరి బంతిలో ఎందుకు కూర్చునేవాడో మాకు ఇప్పుడు అర్థమవుతోంది.

బ్రెయిలీ నేర్చుకున్నా, చెవితో చదవడానికి అలవాటుపడిన ఆయనకు అది చాలలేదు. సుజాన్ అనే ఫ్రెంచి యువతి పుస్తకాలు చదివి వినిపించేది. విశ్వవిద్యాలయానికి డబ్బు ఇబ్బంది వచ్చి 1915లో వెనక్కి పిలిచినా, కొద్ది నెలలకే మళ్ళీ బయలుదేరి పారిస్‌లోని సోర్బాన్‌లో చేరారు. లాటిన్ కూడా నేర్చుకున్నారు. 1917లో సుజాన్‌తో వివాహమైంది. నలుగురిలో కూర్చుని తినడం కూడా ఆమె వల్లనే తిరిగి అలవాటైంది. ఇబ్న్ ఖల్దూన్ తత్త్వంపై సోర్బాన్ డాక్టరేట్ సాధించి 1919లో స్వదేశం చేరారు.

తర్వాత ప్రొఫెసర్, డీన్ అయ్యారు. 1950లో విద్యామంత్రియై సెకండరీ చదువుకు ఫీజులు తీసేశారు. 1973 అక్టోబరు 28న కన్నుమూశారు.

ఈ రోజుల్లో పాఠాలు సెల్‌ఫోనే చదివి వినిపిస్తుంది. అయినా ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చేముందు ఆ తమ్ముడికి మేమే చదివి వినిపించాం. భోజనం సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు.