బంతి లేనివాళ్ళకి ఆట నేర్పిన రహీం సాబ్



ఈ నెల జీవిత పరిచయంలో హైదరాబాద్‌కు చెందిన ఒక స్కూల్ టీచర్ గురించి చెప్పుకుందాం. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళంతా ఆయన్ని రహీం సాబ్ అనేవారు. 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమాలో అజయ్ దేవగన్ వేసింది ఈయన పాత్రే. సినిమా చూసినవాళ్ళకి ఆయన తెచ్చిన పతకాల సంగతి తెలుసు. కానీ ఆ పతకాల కన్నా ముందు, ఆయన స్కూల్ పిల్లలకి ఓపిగ్గా నేర్పిన విషయం ఒకటుంది. బంతి మన దగ్గర లేనప్పుడు ఏం చేయాలి అన్నదే అది. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బ్రాంచీల్లో బాస్కెట్‌బాల్ ఆడుతున్న పిల్లలకీ, వాళ్ళ ఆట చూడటానికి వచ్చే మనకీ ఆ పాఠం ఈ రోజుకీ పనికొస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క. బాస్కెట్‌బాల్ మ్యాచ్ 40 నిమిషాలు. కోర్టులో ఉండేది 10 మంది. బాల్ ఒక్కటే. అందరికీ సమానంగా పంచినా, మ్యాచ్ మొత్తం ఆడిన పిల్లవాడి చేతిలో బాల్ ఉండేది 4 నిమిషాలు. మిగతా 36 నిమిషాలు చేతులు ఖాళీ. ఫుట్‌బాల్‌లో 90 నిమిషాలు, 22 మంది. అక్కడా ఒక్కొక్కరికి వచ్చేది నాలుగు నిమిషాల పైచిలుకే. మనం గ్యాలరీలో కూర్చుని చూసేది ఆ నాలుగు నిమిషాలనే. రహీం సాబ్ చూసింది మిగతా సమయాన్ని.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి టీంలో ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక టీచర్‌గా చేరారు. మనం సిటీకి వెళ్ళినప్పుడు బస్సులో దాటిపోయే కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాల్లోని స్కూళ్ళలో, దారుల్ ఉలూమ్ హైస్కూల్‌లో పనిచేశారు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి, స్కూల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే భారత జట్టు కోచ్ కాకముందు ఆయన కూడా మన పీఈటీ సార్ల లాగే విజిల్ మెడలో వేసుకుని, గేమ్స్ పీరియడ్‌లో పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషే.

1940ల్లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చివరిదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆ రోజుల్లో కుర్రాళ్ళ కోసం ఆయన పెట్టించిన టోర్నమెంట్లు కొంచెం వింతగా ఉండేవి. ఒకదాంట్లో ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాళ్ళు ఎడమ కాలితోనే ఆడాలి. కుడి కాలు బలహీనమైతే కుడి కాలితోనే. రెండోది డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒకరిద్దరిని తప్పించుకుంటూ పోవడానికి వీల్లేదు. వచ్చిన బంతిని వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాలి.

ఈ రెండో రూల్ ఏం చేస్తుందో ఒకసారి ఆలోచించండి. బంతి ఉన్నవాడికి దాన్ని పట్టుకుని పరుగెత్తే అవకాశం లేదు. కాబట్టి మిగతా పది మందిలో ఎవరో ఒకరు ఖాళీ చోటుకి పరుగెత్తి తీరాలి. ఒకరు కదిలితే సరిపోదు. ఇద్దరు ముగ్గురు కదిలితేనే పాస్ ఇవ్వడానికి దారి దొరుకుతుంది. నిలబడి చూసేవాడు టీంకి భారం అవుతాడు. ఇలా బంతి ఉన్నవాడికి ఒక్క రూల్ పెట్టి, బంతి లేనివాళ్ళందరికీ ఆయన పని నేర్పారు.

బాస్కెట్‌బాల్ పుట్టిన తీరు కూడా దాదాపు ఇలాంటిదే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ ఆటను తయారు చేశారు. ఆయన రాసిన మొదటి 13 రూల్స్ ప్రకారం బాల్ పట్టుకుని పరుగెత్తకూడదు. పట్టుకున్న చోటు నుంచే వేరొకరికి విసరాలి. నేలకి కొడుతూ ముందుకు పోవడం తర్వాత వచ్చింది. ఈ రోజుకీ బాస్కెట్‌బాల్ కోచ్‌లు ప్రాక్టీస్‌లో కాసేపు డ్రిబ్లింగ్ ఆపేసి ఆడిస్తారు. మన పిల్లల చేత అలా ఆడిస్తుంటే, పీఈటీ సార్ బాల్ కొట్టనివ్వట్లేదని పిల్లలు ఇంటికొచ్చి చెప్పినా కంగారు పడకండి. రహీం సాబ్ చేయించింది అదే.

1950 నుంచి ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి కోచ్. ఆ టీం 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యురాండ్ కప్ కూడా గెలిచింది. కలకత్తా క్లబ్బుల పేర్లే వినిపించే ఆ కాలంలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన పోలీస్ టీం ఇలా గెలవడం చిన్న విషయం కాదు.

మంచి ఆటగాడు ఎక్కడున్నా ఆయన వదిలేవారు కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడకి చెందిన తులసీదాస్ బలరాంది పేద కుటుంబం. హైదరాబాద్‌కి ప్రాక్టీస్‌కి రావాలంటే దూరం. అద్దె సైకిల్‌కి కావలసిన డబ్బు రహీం సాబే ఇచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం తర్వాత పీకే బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి దేశంలోనే పేరున్న ముగ్గురిలో ఒకరయ్యారు.

భారత జట్టు కోచ్‌గా ఆయన ప్రయాణం నేరుగా పైకి సాగింది కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. మన ఆటగాళ్ళలో చాలామంది అప్పటికి బూట్లు లేకుండానే ఆడేవారు. అంత పెద్ద ఓటమి తర్వాత ఎవరైనా డీలా పడతారు. రహీం సాబ్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. వేగంగా పాస్‌లు ఇచ్చుకోవడం, ఖాళీ జాగా వెతుక్కోవడం మీద పనిచేశారు. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 పద్ధతిని మన దేశానికి పరిచయం చేసిన ఘనత కూడా ఆయనదే.

నాలుగేళ్ళకి ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్‌కి చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్‌కి చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. రికార్డుల్లో ఉండేది ఆయన పేరు. ఆ బంతి ఆయన దాకా రావడానికి పరుగెత్తినవాళ్ళ పేర్లు స్కోరులో ఉండవు. చివరికి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

తల్లిదండ్రులుగా మనం ఆలోచించాల్సిన సంగతి 1960లో జరిగింది. రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో ఆయన సొంత కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. కోచ్ తండ్రే. అయినా హకీంకి అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు. జట్టుకి ఆ రోజు ఎవరు కావాలో వాళ్ళే ఆడారు. హకీం మాత్రం ఆటను వదల్లేదు. తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు, కోచ్‌గా పనిచేశారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెన్స్ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేదు. వెనక ఆడే మనిషిని తీసుకెళ్ళి ముందు వరుసలో పెట్టారు. సెమీఫైనల్లో జర్నైల్ ఒక గోల్ కొట్టారు. ఫైనల్ సెప్టెంబర్ 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వని విషయంలో భారత ప్రతినిధి అభ్యంతరం చెప్పారన్న కోపంతో, స్టేడియం నిండా ఉన్న జనం మన జట్టుకి వ్యతిరేకంగా అరుస్తూనే ఉన్నారు. ఆ హోరులో పీకే ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. భారత్ 2-1తో గెలిచింది.

అప్పటికే రహీం సాబ్ ఆరోగ్యం బాగాలేదు. మరుసటి ఏడాది 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మనకి మళ్ళీ రాలేదు. 1960 తర్వాత మన జట్టు ఒలింపిక్స్‌కి అర్హత కూడా సాధించలేదు.

ఇప్పుడు మన బాస్కెట్‌బాల్ కోర్టుకి వద్దాం. మ్యాచ్ చూడటానికి వచ్చినప్పుడు ఒక్క ఐదు నిమిషాలు బాల్‌ని వదిలేసి మీ పాప మీదో బాబు మీదో మాత్రమే కళ్ళు పెట్టండి. కొన్ని విషయాలు గమనించండి.

పాస్ ఇచ్చాక అక్కడే నిలబడుతున్నారా, వెంటనే బాస్కెట్ వైపు పరుగెత్తుతున్నారా? అందరూ బాల్ చుట్టూ గుమిగూడినప్పుడు వీళ్ళు దూరంగా జరిగి చోటు ఇస్తున్నారా? తోటి ప్లేయర్‌కి దారి దొరకడానికి ప్రత్యర్థికి అడ్డంగా కదలకుండా నిలబడుతున్నారా? దీన్నే స్క్రీన్ అంటారు. ఎవరో షాట్ వేసినప్పుడు, అది తప్పితే బాల్ ఎటు పడుతుందో చూసుకుని ముందే అక్కడికి చేరుతున్నారా? బాల్ పోగానే తల పట్టుకుంటున్నారా, వెనక్కి పరుగెత్తి డిఫెన్స్‌లో నిలబడుతున్నారా?

వీటిలో ఏదీ స్కోర్ షీట్‌లో పాయింట్‌గా పడదు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో ఫొటోగా కూడా రాదు. కానీ ఈ పనులు చేసే పిల్లలు లేకపోతే ఎక్కువ బాస్కెట్లు వేసే పిల్లలకి బాల్ అందదు.

ఇది చెప్పడానికి కారణం ఉంది. ఏడు, ఎనిమిది తరగతులకి వచ్చేసరికి చాలామంది పిల్లలు ఆటలు మానేస్తారు. ట్యూషన్లు, పరీక్షలు ఒక కారణం. తమకి ఆట రాదని వాళ్ళే అనుకోవడం ఇంకో కారణం. ఇంటికి రాగానే ఎన్ని బాస్కెట్లు వేశావని అడిగితే, సున్నా అని చెప్పడానికి ఏ పిల్లలకైనా చిన్నతనంగా ఉంటుంది. మూడు నాలుగుసార్లు అలా చెప్పాక బూట్లు బ్యాగ్‌లోంచి బయటకి రావు. నిజానికి ఆ రోజు టీంకి అందరికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ పాపే కావచ్చు.

అందుకే ఈసారి ప్రశ్న మార్చి చూడండి. ఈ రోజు ఎవరికి దారి ఇచ్చావని అడగండి. ఎవరి షాట్‌కి నీ సాయం ఉందో చెప్పమనండి. మొదటి రోజు జవాబు రాకపోవచ్చు. రెండు మూడు వారాల్లో వాళ్ళే వచ్చి చెప్పడం మొదలుపెడతారు. గ్రూప్ ప్రాజెక్టులోనైనా, రేపు ఉద్యోగంలోనైనా ఎక్కువ సేపు మన చేతిలో బాల్ ఉండదు. ఆ సమయంలో ఎలా మెలగాలో నేర్చుకోవడానికి గేమ్స్ పీరియడ్ కన్నా మంచి క్లాస్ లేదు.

వచ్చే ఇంటర్ హౌస్ మ్యాచ్‌లకి తప్పకుండా రండి. చప్పట్లు బాస్కెట్ పడినప్పుడే కాదు, మంచి పాస్ కోసం ఎవరైనా పరుగెత్తినప్పుడు కూడా కొట్టండి. ఆ చప్పట్లు విన్న పిల్లలు మరుసటి రోజు కూడా కోర్టుకి వస్తారు.