వాల్డెమార్ హాఫ్కిన్

వ్యాధి వచ్చిన పిమ్మట మందు పుచ్చుకొనుటకు వెనుదీయువారు అరుదు. కాని ఒడలు సుఖముగా నున్నప్పుడు సూదిపోటునకు చేయి చాపుమన్నచో ఎంతటివానికైనను సందేహము కలుగును. ఆ సందేహము తప్పు కాదు. దానికి లెక్కలతోను, నిదర్శనములతోను సమాధానము చెప్పుట శాస్త్రజ్ఞుల ధర్మము. అట్టి సమాధానమునకై తన శరీరమును, కీర్తిని గూడ పణముగా నొడ్డిన మహనీయుడు వాల్డెమార్ హాఫ్కిన్.

హాఫ్కిన్ 1860వ సంవత్సరము మార్చి 15వ తేదీన నల్లసముద్రతీరమందలి ఒడెస్సా నగరమున ఒక యూదు కుటుంబములో జన్మించెను. ఆ నగరము నాడు రష్యా సామ్రాజ్యములోనిది. నేడు ఉక్రెయిన్ దేశములోనిది. అచటి విశ్వవిద్యాలయమున మెచ్నికాఫ్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞునొద్ద ఆయన విద్య నభ్యసించెను. యూదుడగుటచే స్వదేశమున ఆయనకు తగిన ఉద్యోగము లభింపలేదు. మతము మార్చుకొన్నచో దారి సుగమమయ్యెడిదే. కాని ఆయన అందుల కంగీకరింపలేదు. 1888లో దేశమును వీడి జెనీవాకును, అటుపిమ్మట పారిస్ నగరమునకును పోయెను. అచటి పాశ్చర్ సంస్థలో గ్రంథాలయమున చిన్న కొలువు దొరకెను. గ్రంథములను సర్దుచు, తీరిక వేళలందు సూక్ష్మజీవులను గూర్చి పరిశోధన సాగించెను.

ఆ కాలమున కలరా అనేక దేశములలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టుచుండెను. కలరా క్రిములను తగురీతిని సిద్ధపరచి ముందుగా శరీరములో ప్రవేశపెట్టినచో, శరీరము వానిని ఎదుర్కొన నేర్చుకొని, పిదప నిజమైన వ్యాధి సోకినను తట్టుకొనగలదని హాఫ్కిన్ తలంచెను. జంతువులపై చేసిన పరీక్షలు సఫలమయ్యెను. కాని మనుష్యుల మాట ఏమి? పరులను అడుగుటకు పూర్వము 1892 జూలై 18న ఆయన తానే ఆ టీకా వేయించుకొనెను. జ్వరము వచ్చెను, సూది గ్రుచ్చినచోట నొప్పి కలిగెను. కొలది దినములలో రెండును తగ్గిపోయెను.

1893లో ఆయన భారతదేశమునకు వచ్చెను. విదేశీయుడు తెచ్చిన మందనగానే ప్రజలు భయపడిరి. హాఫ్కిన్ ఎవరిని నిర్బంధింపలేదు. ఇష్టపడినవారికే టీకా వేసి, వేయించుకొనినవారిని, వేయించుకొననివారిని వేరువేరుగా లెక్కించుచుండెను. ఒకే వాడలో నుండి, ఒకే నీరు త్రాగువారిని పోల్చి చూచినగాని నిజము తేలదని ఆయన నమ్మకము. 1894లో కలకత్తాలోని ఒక బీదల వాడలో సుమారు రెండువందలమందిలో 116 మంది టీకా వేయించుకొనిరి. తరువాత ఆ వాడలో కలరావలన ఏడుగురు మరణించిరి. ఆ ఏడుగురును టీకా వేయించుకొననివారే.

1896లో బొంబాయి నగరమును ప్లేగు ముట్టడించెను. జనులు ఇండ్లు విడిచి పారిపోవజొచ్చిరి. ప్రభుత్వము హాఫ్కిన్‌ను పిలిపించెను. గ్రాంటు వైద్యకళాశాలలో ఒక చిన్న గదిలో, కొద్దిమంది సహాయకులతో రాత్రింబవళ్లు శ్రమించి, మూడు నెలలలో ఆయన ప్లేగు టీకాను సిద్ధము చేసెను. 1897 జనవరి 10న మరల ముందుగా తన శరీరముననే దానిని పరీక్షించుకొనెను.

ఆ నెలలోనే బైకుల్లా కారాగారమున ప్లేగు ప్రవేశించెను. ఖైదీలలో సుమారు సగముమంది టీకాకు అంగీకరించిరి. వేయించుకొననివారిలో 12 మందికి ప్లేగు సోకి ఆరుగురు మరణించిరి. వేయించుకొనినవారిలో ఇద్దరికి మాత్రమే వ్యాధి వచ్చెను. వారిలో ఒక్కరును మరణింపలేదు. టీకా అభేద్యమైన కవచము కాదని ఆ ఇద్దరివలన తేలెను. ఐనను కవచము లేనివాని గతి ఏమో ఆ ఆరుగురివలన తెలిసెను. ఆగాఖాన్ ప్రభువు అందరియెదుట టీకా వేయించుకొని ప్రజల భయమును పోగొట్టెను. 1899లో హాఫ్కిన్ ప్రయోగశాల పరేలులోని పాత గవర్నరు భవనమునకు మారెను.

ఇట్లుండగా ఆయనకు గొప్ప విపత్తు సంభవించెను. 1902 అక్టోబరు 30న పంజాబునందలి ముల్కోవాల్ గ్రామములో 107 మందికి టీకాలు వేసిరి. వారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. ఆ 19 మందికిని ఒకే సీసాలోని మందు వేయబడెను. తక్కిన సీసాలనుండి వేయించుకొనిన 88 మందికి ఏ హానియు కలుగలేదు. విచారణ సంఘము దోషమును బొంబాయి ప్రయోగశాలపై మోపెను. హాఫ్కిన్ పదవిని కోల్పోయెను.

ఆయన ఆ మరణములను చిన్నవిగా చేసి చెప్పలేదు. వానికి నిజమైన కారణమును తేల్చుమని మాత్రము కోరెను. సీసా మూత తీసినప్పుడు దుర్వాసన రాలేదు. ధనుర్వాత క్రిములు ప్రయోగశాలలోనే చేరి పెరిగియుండినచో దుర్వాసన తప్పక యుండవలెను. మరియు, మూత తీయుటకు వాడిన పట్టుకారు నేలపై పడగా, సహాయకుడు దానిని సరిగా శుద్ధి చేయకయే వాడినట్లు సాక్ష్యమువలన తెలిసెను. రొనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ సంగతులను 1907లో పత్రికాముఖమున వెల్లడించిరి. ఆ సంవత్సరమే హాఫ్కిన్ నిర్దోషి యని తేలెను. కాని బొంబాయి పదవి మరల లభింపలేదు. కలకత్తాలో కొన్ని సంవత్సరములు పనిచేసి ఆయన ఐరోపాకు మరలిపోయెను. 1925లో పరేలు ప్రయోగశాలకు హాఫ్కిన్ సంస్థ యని పేరు పెట్టిరి. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లొసాన్ నగరమున ఆయన పరమపదించెను.

నేడు ప్లేగునకు వేరు మందులున్నవి. హాఫ్కిన్ టీకా సామాన్యముగా వాడుకలో లేదు. ఆయన నేర్పిన పాఠము మాత్రము నిలిచియున్నది. త్రాసునకు రెండు తట్టలుండును. టీకావలన కలుగు జ్వరమును, నొప్పిని, అరుదుగా సంభవించు ప్రమాదమును ఒక తట్టలో నుంచవలెను. వ్యాధివలన కలుగు బాధను, మరణమును రెండవ తట్టలో నుంచవలెను. ఒక్క తట్టనే చూచి నిర్ణయించుట త్రాసు పట్టినవాని లక్షణము కాదు. ముల్కోవాల్ మృతులను మరచుట అన్యాయము. వారిని చూపి టీకానే నిందించుట అవివేకము. ఆ మరణములవంటివి మరల జరుగకుండ, టీకా వేయు ప్రతి చేయియు శుచిగా, జాగరూకముగా నుండవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క క్రొత్త సూదిని వాడుట నేడు నియమమైనది. భయమును దాచక, ప్రమాదమును దాచక, ఉన్నది ఉన్నట్లు లెక్కించి చూపినవాడే ప్రజల విశ్వాసమునకు పాత్రుడగును. హాఫ్కిన్ అట్టివాడు.